ఇంట్లో ఎంతమంది?

ఫిబ్రవరి 4, మంగళవారం

ఉదయం ఆరుంబావుకి వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. ఆగిపోయింది అనడం తప్పు. స్పిన్‌లో ఉండగా ఎగిరింది. గోడ దగ్గర నుంచి జానెడు ముందుకు వచ్చి, వెనక పైపు ఊడగొట్టుకుని, ఇంకా ఎగురుతూనే ఉంటే ప్లగ్గు పీకాను. నీళ్ళు హాల్లోకి వచ్చాయి. తుడిచేసరికి ఆఫీసు బస్సు వెళ్ళిపోయింది.

పన్నెండేళ్ళ మెషీన్.

అంత చప్పుడైనా అత్తగారు గదిలోంచి బయటికి రాలేదు.

మా తూనికలు కొలతల ఆఫీసులో కాటాల పరీక్ష. రెండింటికి ముద్ర వేయకుండా తిప్పి పంపాను. "చిటికెడు తేడాకి కొత్తది కొనమంటారా సార్?" అన్నాడు ఒక కొట్టతను. కొనమన్నాను. తేల్చి చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం బావమరిదికి ఫోన్ చేశాను. ఊరికే.

ఫిబ్రవరి 5, బుధవారం

దుప్పటి, బొంత చేత్తో ఉతికాను. తడిసిన బొంత బరువెంతో ఆఫీసు కాటా మీద పెట్టి చూడాలనిపించింది. పిండటం ఒక్కడి వల్ల కాదు. ఒక కొస కొళాయికి కట్టి రెండోది మెలిపెట్టాను. కొళాయి వదులైంది.

ఇంతవరకు ఇందులో రాయని సంగతి. మా ఆవిడ పోయిన ఆరో రోజు పొద్దున అత్తగారి గది గుమ్మం ముందు దుప్పటి ఉండచుట్టి ఉంది. తలుపు మూసి ఉంది. ఎత్తితే తడి. అప్పుడు తెలిసింది. ఎన్నాళ్ళ నుంచీ అన్నది తర్వాత బీరువాలో డాక్టరు చీటీల తేదీలు చూసి తెలుసుకున్నాను. రెండేళ్ళు.

రెండేళ్ళు ఇదే ఇంట్లో ఉన్నాను. నేను లేచేసరికి దుప్పట్లు దండెం మీద ఆరుతుండేవి. తనకి శుభ్రం ఎక్కువ అనుకునేవాణ్ణి. ఒకసారి, "రోజూ దుప్పట్లు ఉతకడమేమిటి, ఇదేమన్నా ఆస్పత్రా?" అని కూడా అన్నాను. తను నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు ఆ ఉండ గుమ్మం ముందు ఉంటుంది. నేను తీసుకెళ్తాను. సాయంత్రం మడతపెట్టి మళ్ళీ గుమ్మం ముందు పెడతాను. నాలుగు నెలలుగా అంతే. దాని గురించి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు.

అసలు అత్తగారు నాతో మాట్లాడరు. కోపమేమీ కాదు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళ నుంచీ అంతే. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, "అల్లుడుగారికి టీ కావాలేమో కనుక్కోవే" అని కూతురితో అనేవారు. నేనూ, "ఇప్పుడు వద్దని చెప్పు" అని తనతోనే అనేవాణ్ణి. "మీ ఇద్దరి మధ్యా టపా మోయలేక చస్తున్నాను" అనేది తను. ఇప్పుడు ఆవిడ గోడతో అంటున్నారు. "అల్లుడుగారు ఇంకా భోంచేసినట్టు లేదు." నేను ఫ్రిజ్‌తో అంటాను. "తర్వాత చేస్తాను."

ఫిబ్రవరి 6, గురువారం

మెకానిక్ వస్తానన్నాడు. రాలేదు. బొంత ఆరలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మెకానిక్ వచ్చాడు. నా వయసువాడే. మెషీన్‌ని పక్కకి వాల్చి, కింద అద్దం పెట్టి, టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఇంట్లో ఎంతమంది సార్?"

"ఇద్దరం."

"ఇద్దరికేనా ఇంత అరుగుదల? హాస్టల్లో మెషీన్లు చూశాను, అవి నయం. రోజూ తిప్పుతున్నారు దీన్ని."

చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అందించాను.

"స్పిన్‌లో రబ్బరుదిగానీ ప్లాస్టిక్‌దిగానీ ఏమన్నా వేశారా? టేబుల్ గుడ్డ, మంచం మీద వేసే షీటు, అలాంటిది?"

"షీటు."

"అదీ సంగతి. అది నీళ్ళని పోనివ్వదు సార్. లోపల సంచిలాగా పట్టుకుని కూర్చుంటుంది. డ్రమ్ము తిరిగేటప్పుడు బరువంతా ఒక్క పక్కకి. ఇంక అది మెషీనా? బెదిరిన ఎద్దు."

డ్రమ్మును మోసే రాడ్లు రెండు విరిగాయి. బేరింగ్ పోయింది. బయటి టబ్బు పగిలింది. మోటారు మాత్రం రాయిలా ఉందట. ఈ మోడల్ టబ్బు కంపెనీవాళ్ళు మానేశారు కాబట్టి, మూలపడ్డ ఇంకో మెషీన్ దొరికితే దాన్లోంచి తీసి వేయాలి.

"వేస్తే ఎన్నాళ్ళు ఆడుతుంది?" అడిగాను.

"ఒక్కరికైతే నాలుగేళ్ళు దిగుల్లేదు. వారానికి రెండుసార్లు నాలుగు చొక్కాలు, అంతేగా. ఇప్పుడు తిప్పినట్టే తిప్పితే ఆరు నెలలు. అప్పుడు నన్ను తిట్టకూడదు మీరు. ఒక్కరికైతే రిపేరు, ఇద్దరికైతే కొత్తది. నన్నడిగితే ఇంతే సార్ లెక్క."

ఆలోచించి చెబుతానన్నాను. అతను సామాను సర్దుకుంటుండగా గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది.

"రబ్బరుది చేత్తో తుడిచి నీడన ఆరేసేది మా అమ్మాయి. ఆ రోజే అన్నాను."

మెకానిక్ అటూ ఇటూ చూశాడు. "పెద్దావిడ ఎవరితోనండీ?"

"గోడతో."

అతనికేమీ వింతగా అనిపించలేదు. "మా ఆవిడ టీవీతో అంటుంది సార్" అని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 8, శనివారం

ఆ రోజే అన్నారు. నిజం. నేను విన్నాను.

మంగళవారం పొద్దున దుప్పటితోపాటు రబ్బరు షీటు కూడా డ్రమ్ములో కుక్కుతున్నాను. అంతకుముందు దాన్ని తడిగుడ్డతో తుడిచి వదిలేసేవాణ్ణి. వాసన పోలేదని ఆ రోజు వేశాను. గదిలోంచి, "అది మెషీన్‌లో వేసేది కాదు" అన్న మాట స్పష్టంగా వినబడింది. విననట్టు మూత వేశాను. జవాబు చెబితే ఆ షీటు ఏమిటో, ఎందుకో ఇద్దరం ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ సిగ్గుపడతారని ఊరుకున్నాను. ఆవిడ రెండోసారి అనలేదు. రెండోసారి అనాలంటే నన్ను పిలవాలి.

మర్యాద వల్ల మెషీన్ విరిగిన ఇల్లు ఇదొక్కటే అయి ఉంటుంది.

ఇంకొకటి కూడా రాయాలి. నాలుగో తేదీన బావమరిదికి ఊరికే ఫోన్ చేశానని రాశాను. ఊరికే కాదు. "మీ అమ్మని తీసుకెళ్ళు. నావల్ల కావట్లేదు" అన్నాను. ఆ మాటలే. అతను మంచివాడు, ఎందుకని అడగలేదు. "అలాగే బావగారూ, పదహారు ఆదివారం వస్తాను" అన్నాడు. ఆవిడ అయిదేళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది వాళ్ళ మూడో అంతస్తు మెట్లు ఎక్కలేక. ఇప్పుడు లిఫ్టు పెట్టారట.

దుప్పట్ల సంగతి అతనికి తెలియదు. చెప్పలేదు. తీసుకెళ్ళమన్న సంగతి ఆవిడకి తెలియదు. అదీ చెప్పలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

షాపుకి వెళ్ళాను. తెల్లటి మెషీన్లు వరసగా, మూతలన్నీ తెరిచి. అమ్మే అమ్మాయి బాగా మాట్లాడింది. మోటారుకి పదేళ్ళ గ్యారంటీ అంది. నాకు యాభై ఎనిమిది. అత్తగారికి డెబ్బై తొమ్మిది. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు.

"ఇంట్లో ఎంతమంది సార్? దాన్నిబట్టి సైజు చూపిస్తాను."

వచ్చే ఆదివారానికి ముందా, తర్వాతా అని అడగబోయాను. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

రిపేరే మంచిది. మోటారు రాయిలా ఉందన్నాడు. బాగున్న మోటారుని పారేయడం తెలివితక్కువ.

ఫిబ్రవరి 11, మంగళవారం

కొత్తదే మంచిది. పాతదానికి టబ్బు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

అయిదింటికి బాత్రూమ్‌లో నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే అత్తగారు చిన్న పీట మీద కూర్చుని బొంత ఉతుకుతున్నారు. చేతికర్ర గోడకి చేరేసి ఉంది. చీర అంచంతా తడి. ఆ నేల మీద జారితే ఏమయ్యేదో రాయను.

నన్ను చూసి బకెట్టుతో అన్నారు. "రోజూ అల్లుడుగారి చేతులు పగలాలా?"

నేను కొళాయితో అన్నాను. "పడితే ఎవరు లేపుతారు?"

"పడను."

"లేవండి" అనలేకపోయాను. బొంత రెండో కొస పట్టుకున్నాను. ఆవిడ ఒక కొస పట్టుకున్నారు. పిండటం మొదలుపెట్టాం. ఎంత మెలిపెట్టినా మెలిక పడదు. నేను తిప్పిందాన్ని ఆవిడ విప్పుతున్నారు, ఆవిడ తిప్పిందాన్ని నేను.

"మా అమ్మాయి కుడికి తిప్పేది" అన్నారు బకెట్టుతో.

నేను కుడికి తిప్పాను. నీళ్ళు దిగాయి. చాలా దిగాయి. నేనొక్కణ్ణీ కొళాయికి కట్టి పిండిన రోజుల్లో సగం నీళ్ళు లోపలే ఉండిపోయాయన్నమాట. ఇద్దరం కలిసి దండెం మీద వేశాం. ఆవిడ అంచులు సరిచేశారు, తను చేసినట్టే, రెండు మూలలూ కలిపి చిటికెతో లాగి.

ఆఫీసుకి వెళ్ళేదాకా బాగానే ఉన్నాను.

బావమరిదికి ఫోన్ చేసి రావొద్దని చెప్పాలి.

ఫిబ్రవరి 13, గురువారం

ఫోన్ చేయాలి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తనిఖీలకి వెళ్ళాను. పది కొట్లు. తీరిక లేదు.

ఫిబ్రవరి 15, శనివారం

చేశాను. ఎంగేజ్ వచ్చింది. ఒక్కసారే చేశాను. అతను తిరిగి చేస్తాడనుకున్నాను. అతను చేయలేదు. చేస్తే నేనేం చెప్పేవాణ్ణో కూడా సిద్ధం చేసుకోలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పదింటికి బావమరిది వచ్చాడు. తల్లి పక్కన కూర్చుని కాసేపు కబుర్లు చెప్పాడు. ఆవిడ మామూలుగా చూడటానికి వచ్చాడనుకుని సంతోషించారు. అతని గొంతు పెద్దది. గుసగుసలాడినా వీధికి వినబడుతుంది. తను ఎప్పుడూ అనేది, "మా తమ్ముడికి రహస్యం చెప్పడం కంటే మైకులో చెప్పడం నయం" అని.

చెయ్యి కడుక్కుని తుడుచుకుందుకు బాల్కనీలోకి వెళ్ళాడు. దండెం మీద రెండు దుప్పట్లు, బొంత, రబ్బరు షీటు. నన్ను పిలిచాడు.

"బావగారూ, ఈ రబ్బరు షీటు..."

"నాది."

నోటికి వచ్చేసింది. ఆలోచించలేదు.

"మీదా?"

"కొన్నాళ్ళుగా అలా ఉంది. ఆపరేషన్ అయ్యాక."

"ఏ ఆపరేషన్?"

"చిన్నది."

అతని మొహం చూడలేకపోయాను. చెయ్యి నా భుజం మీద వేశాడు. "ఒక్క మాట చెప్పొద్దా? మేమేమన్నా పరాయివాళ్ళమా? నేనింకా అమ్మ మీద విసుగొచ్చి అన్నారేమో అనుకున్నాను. ఇందుకా అమ్మని తీసుకెళ్ళమని ఫోన్ చేశారు?"

మెల్లిగానే అన్నాడు. అతని మెల్లిగా.

గదిలో చేతికర్ర చప్పుడు ఆగింది. తర్వాత మళ్ళీ మొదలై గుమ్మం దాకా వచ్చింది.

"ఫోన్ చేసింది అల్లుడుగారా?" కొడుకుని అడిగారు.

"అవునమ్మా, పదిరోజుల పైనే అయింది. నీకు చెప్పలేదా? పాపం ఆయనకి ఒంట్లో బాలేదట."

అత్తగారు నా వైపు చూశారు. గోడ వైపు కాదు, నా వైపు. నేను నేల వైపు చూశాను. ఆ షీటు ఎవరిదో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. ఆవిడ నోరు విప్పుతారేమోనని భయపడ్డాను. విప్పలేదు.

"సంచీ సర్దుకుంటాను" అన్నారు.

మూడింటికి వెళ్ళారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి నేను చెయ్యి అందించబోతే కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

రబ్బరు షీటు దండెం మీదే ఉంది. నాదన్నాక ఆవిడ ఎలా తీసుకెళ్తారు?

ఫిబ్రవరి 17, సోమవారం

గుమ్మం ముందు ఏమీ లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆఫీసు. ఇల్లు. ఫ్రిజ్‌తో ఏదో అన్నాను. తర్వాత ఎవరికి జవాబు చెప్పానా అని వెనక్కి చూసుకున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, తువ్వాలు బకెట్టులో నానబెట్టాను. నాలుగు రోజుల బట్టలు అంతే. ఒక్కడి బట్టలకి మెషీన్ కూడా అక్కర్లేదేమో.

ఆవిడని పంపేసి ఆవిడ పరువు కాపాడానని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. ఇలా రాసుకుంటే చదవడానికి బాగుంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మధ్యాహ్నం ఆఫీసుకి బావమరిది ఫోన్ చేశాడు.

"బావగారూ, అమ్మ మీ దగ్గర కూడా ఇలాగే ఉండేదా?"

"ఎలాగ?"

"మంచం మీద పడుకోదు. కుర్చీలో కూర్చునే కునుకుతుంది. అయిదు రోజులైంది. ఎంత చెప్పినా మంచం ఎక్కదు. మధ్యాహ్నం దాటిందంటే మంచినీళ్ళు ముట్టదు. నిన్న కళ్ళు తిరిగి పడబోయింది. ఒంట్లో నీళ్ళు లేవన్నాడు డాక్టరు. మా ఆవిడ ఏడుస్తోంది, తనవల్ల ఏదో లోపం జరిగిందని. అడిగితే ఏమీ లేదంటుంది. మీకేమన్నా తెలుసా?"

కాటా పళ్ళెంలో పెట్టిన రాయి తీయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

"ఆదివారం వస్తాను" అన్నాను.

"మీకు ఒంట్లో..."

"నాకేమీ లేదు. వస్తాను."

నా వల్లే. నేను నాదన్నాను కాబట్టి ఆవిడ తనదనలేరు. అంటే నేను అబద్ధం ఆడినట్టు కొడుకు ముందు తేలుతుంది. నా పరువు కోసం ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. రబ్బరు షీటు విషయంలో చేసిన తప్పే మళ్ళీ చేశాను. ఈసారి విరిగేది మెషీన్ కాదు.

ఫిబ్రవరి 22, శనివారం

మెకానిక్ ఫోన్ చేశాడు. టబ్బు దొరికిందట. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేసిన మెషీన్‌లోది.

"వేసేయమంటారా సార్? ఇంతకీ ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

"అయితే వద్దు సార్. నాకు పని పోయినా పర్లేదు, కొత్తది కొనుక్కోండి. ఇది నాకిచ్చేయండి, ఆ మోటారు ఇంకో మెషీన్‌కి వేస్తాను."

సరే అన్నాను. సాయంత్రం షాపుకి వెళ్ళాను. ఆ అమ్మాయి గుర్తుపట్టింది. పెద్ద సైజు చూపించమన్నాను, బొంత పట్టేది. రబ్బరు షీటు గురించి అడిగాను. ఏ మెషీన్‌లోనూ వేయకూడదంది. మంగళవారం ఇంటికి తెస్తారు.

అత్తగారిని అడగలేదు. అడగకుండానే ఇద్దరం అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున బస్సుకి వెళ్ళాను. రెండు గంటల ప్రయాణం. రబ్బరు షీటు శుభ్రంగా తుడిచి, మడిచి, కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో దారిలో నాలుగు రకాలుగా అనుకున్నాను.

లిఫ్టు పనిచేస్తోంది. బావమరిది భార్య తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "చూడండన్నయ్యగారూ, మీరన్నా చెప్పండి" అంది. అత్తగారు కిటికీ పక్కన చేతుల కుర్చీలో ఉన్నారు. వారంలో చిక్కిపోయారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంచం మీద దుప్పటి ముడత కూడా పడకుండా ఉంది.

బావమరిదినీ అతని భార్యనీ కాసేపు మమ్మల్ని వదలమన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వంటింట్లోకి వెళ్ళారు.

ఎటు చూసి మాట్లాడాలో తెలియలేదు. ఆ గదిలో గోడంతా క్యాలెండర్లు.

"అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ తలెత్తారు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అలా పిలవలేదు.

కాగితం పొట్లం ఒళ్ళో పెట్టాను. "ఇది మీది. నాదనడం తప్పు."

ఆవిడ ఒక మూల తెరిచి చూసి మళ్ళీ మూశారు. తర్వాత నాతోనే అన్నారు. "మీరు మీదన్నాక నేను నాదని ఎలా అంటాను? మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యనా?"

"అబద్ధమే కదా."

"మంచి అబద్ధమే. నాకే పనికి రాలేదు."

"మెషీన్‌లో వేసేది కాదని మీరన్న రోజు నేను విన్నాను. విననట్టున్నాను."

"తెలుసు. మూత వేసే ముందు ఒక్క క్షణం ఆగారు."

ఆవిడ పొట్లం మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్, మంచినీళ్ళు పట్రా" అన్నారు.

కోడలు పరిగెత్తుకుంటూ తెచ్చింది. మొదటి గ్లాసు గుక్క తిప్పుకోకుండా తాగారు. రెండోది అడిగారు. అదీ తాగి, గ్లాసు ఇస్తూ ఆవిడే రాత్రిళ్ళ సంగతి చెప్పేశారు. నాలుగు మాటల్లో. జలుబు గురించి చెప్పినట్టు.

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. "ఇంతేనా అత్తయ్యా? ఇందుకా వారం రోజులు నా ప్రాణం తోడేశారు? మా నాన్నకి మూడేళ్ళు చేశాను నేను. ఎవరూ చచ్చిపోలేదు."

గుమ్మంలో నిలబడ్డ బావమరిది అడిగాడు. "మరి బావగారి ఆపరేషన్?"

"ఆపరేషన్ లేదు, ఏమీ లేదు" అన్నారు అత్తగారు. "అబద్ధం అలవాటు లేని మనిషి. అందుకే నువ్వు నమ్మావు."

బావమరిది నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, సూటిగా చెప్పాడు. "ఇప్పుడు తెలిసింది కదా బావగారూ. ఇంక అమ్మ ఇక్కడే ఉంటుంది. మాకేమీ కష్టం కాదు. మీరొక్కరూ ఎంతని చేసుకుంటారు?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. బస్సులో అనుకున్న నాలుగు రకాలూ పనికిరాలేదు.

"కొత్త మెషీన్ మంగళవారం వస్తోంది" అన్నాను. అది జవాబు కాదని నాకే తెలిసింది.

"నావల్ల కావట్లేదు అన్నారటగా?" అత్తగారు అడిగారు.

"అన్నాను."

"కొత్త మెషీన్ వస్తే అవుతుందా?"

"దుప్పట్లు ఎప్పుడూ కష్టం కాలేదు." ఆగాను. ఆవిడ ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. "గుమ్మం ముందు ఆ ఉండ చూసినప్పుడల్లా, తను నాకు చెప్పకుండా ఇంకా ఏమేం మోసిందో అని... అడగాలంటే మీరొక్కరే ఉన్నారు. అడగలేక పంపేశాను."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. కోడలు లేవలేదు.

"అడగాల్సింది" అన్నారు అత్తగారు.

"ఇప్పుడు అడుగుతాను."

"ఇక్కడ కాదు." కోడలి తల మీద చెయ్యి వేశారు. "సంచీ సర్దమ్మా. ఏమీ అనుకోకు. ఎండాకాలం వచ్చి నెల్లాళ్ళుంటాను. ఈసారి మంచం మీదే పడుకుంటాను, నీ పరుపు సంగతి నువ్వే చూసుకో."

కోడలు ఏడుస్తూనే నవ్వింది.

మధ్యాహ్నం బస్సు ఎక్కాం. కిటికీ పక్కన ఆవిడ, ఇటు నేను. సీటు మీద ఏం పరిచామో పక్కవాళ్ళు చూశారు. చూడనీ.

ఊరు దాటేదాకా ఇద్దరం ముందు సీటు వెనకభాగం వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత నేనే అడిగాను. "తను నాకెందుకు చెప్పలేదు?"

"నేను వద్దన్నాను. ఒట్టు పెట్టించుకున్నాను. అది రెండుసార్లు పోట్లాడింది నాతో. 'ఆయన ఏమీ అనుకోరమ్మా, నీకే భయం' అంది."

"అలా అందా?"

"అంది. ఇదేమన్నా ఆస్పత్రా అని మీరడిగిన రోజు కూడా అంది."

ఆ రోజు కూడా. నేను ఏమీ అనుకోనని తనకి నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు. ఇప్పుడంటే ఉతుకుతున్నాను. అప్పుడు తెలిస్తే విసుక్కునేవాణ్ణో, మొహం తిప్పుకునేవాణ్ణో చెప్పలేను. అదే ఆవిడతో చెప్పాను. ఆవిడ సర్దిచెప్పలేదు. "కావచ్చు" అన్నారు. ఆ మాటకి ఎందుకో ప్రాణం తేలికపడింది.

తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున్నే ఉతికేటప్పుడు తను నిద్రమత్తులో మెషీన్‌ని తిట్టే తిట్లు. అలారం మోగితే నేను లేస్తానని, అలారం పెట్టకుండా రోజూ నాలుగున్నరకి ఎలా లేచేదో. నాకు తెలియకుండా ఒక దుప్పటి కాల్చేసి ఇంకొకటి అలాంటిదే ఎక్కడ వెతికి కొన్నదో. నేను అడుగుతున్నాను, ఆవిడ చెబుతున్నారు. ఆవిడ గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు.

మా స్టాపు దాటిపోయింది. ఇద్దరిలో ఒక్కరమూ చూసుకోలేదు. మూడు స్టాపులు పోయాక కండక్టరు వచ్చి ఎక్కడ దిగాలని అడిగాడు.

దిగి, రోడ్డు దాటి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాం. ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. వదిలించుకోలేదు. బస్సు ఒకటి వచ్చింది. ఆవిడ మాట మధ్యలో ఉన్నారు. పోనిచ్చాను.